మత్తు ఎక్కని పన్ను, తిమ్మిరి వదలని నాలుక: కింది దవడ నరాల దారి మనిషికో తీరు

క్లుప్తంగా: కింది దవడ పళ్లకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ నూటికి 15 నుంచి 20 సార్లు సరిగా పనిచేయదు. మందు నాసిరకం, రోగికి భయం అన్న మాటలు తేలిగ్గా వస్తాయి గానీ, అసలు కారణం చాలాసార్లు నరం నడిచే దారిలో ఉంటుంది. జ్ఞానదంతం తీశాక నాలుక, పెదవి మొద్దుబారి ఉండిపోవడం వెనక కూడా ఇదే తేడా దాగి ఉండవచ్చు. ఏ నరం దగ్గర తేడా వచ్చిందో ఊహించడానికి ఖరీదైన పరీక్ష కంటే ముందు పనికొచ్చేది, ఎక్కడ మొద్దుబారింది, ఎక్కడ నొప్పి తెలుస్తోంది అన్న కచ్చితమైన సమాధానం.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి దక్షిణ ఒడిశా పట్టణాల్లో తెలుగు ఇళ్లవారికి ఈ సమాధానం చెప్పడమే ఒక్కోసారి కష్టం. నొప్పి తెలుగులో ఉంటుంది, డాక్టరుగారి ప్రశ్న ఒడియాలోనో హిందీలోనో ఉంటుంది, కాగితం మీద ఇంగ్లిషులో పడుతుంది. ఈ మూడు మెట్లు దిగేసరికి ‘పెదవి మొద్దుబారింది గానీ పన్ను జివ్వుమంటోంది’ అన్న మాట కాస్తా ‘మత్తు పడలేదు’గా మారిపోతుంది. ఆ రెండింటికీ చేయాల్సిన పని వేరు.

కింది దవడకే ఈ చిక్కు ఎందుకు

పై దవడ ఎముక పల్చగా, గుల్లగా ఉంటుంది. పంటి పక్కన చిగురులో మందు వేస్తే ఎముకలోకి ఇంకి వేరు కొనను చేరుతుంది. కింది దవడలో దంతాల చుట్టూ, ముఖ్యంగా దవడపళ్ల దగ్గర, గట్టి ఎముక పొర మందంగా ఉంటుంది. మామూలుగా వాడే మత్తుమందు లిగ్నోకెయిన్ దాన్ని దాటి లోపలికి వెళ్లదు. అందుకే నరం ఎముకలోకి దూరకముందే, దవడ వెనక భాగంలో దాన్ని పట్టుకోవాలి. దంతవైద్యులు ‘బ్లాక్’ అనేది దీన్నే. 1884-85లో న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్, రిచర్డ్ హాల్ కొకెయిన్‌తో మొదట ఇలా నరాన్ని మొద్దుబరిచారు. మందులు మారాయి గానీ, గురి మాత్రం నేటికీ దాదాపు అదే చోటు.

ముఖానికి స్పర్శనిచ్చే అయిదో కపాల నరం, ట్రైజెమినల్, మూడు పాయలు. మొదటిది నుదురు, కన్ను వైపు. రెండోది పై దవడ, బుగ్గ వైపు. మూడోది కింది దవడ, నాలుక వైపు వెళ్తుంది. పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న భయం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. చూపునిచ్చేది రెండో కపాల నరం. దానికీ పళ్లకూ సంబంధమే లేదు.

మూడో పాయ పుర్రె అడుగున ఓవేల్ రంధ్రం గుండా బయటపడి కొమ్మలుగా చీలుతుంది. ఇక్కడ అవసరమైనవి నాలుగు. కింది దంతనరం దవడ లోపలి వైపున్న రంధ్రం గుండా ఎముక కాలువలోకి దూరి, ఆ పక్క పళ్లన్నిటికీ కొమ్మలిస్తూ సాగుతుంది. ముందు చిన్న దవడపళ్ల కింద గడ్డం రంధ్రం గుండా ఒక కొమ్మ బయటికి వచ్చి కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది. నాలుక నరం ఎముకలోకి వెళ్లకుండా మెత్తని కణజాలంలోనే నడిచి నాలుక ముందు మూడింట రెండు వంతులకు స్పర్శనిస్తుంది. ఏడో కపాల నరం నుంచి వచ్చి కలిసే కార్డా టింపనీ తీగ వల్ల రుచిని కూడా ఇదే మోస్తుంది. బుగ్గ నరం దవడపళ్ల బయటివైపు చిగురుకు. మైలోహయాయిడ్ నరం ప్రధానంగా నోటి అడుగు కండరాన్ని కదిలించేది. పాఠ్యపుస్తకంలో బొమ్మ ఇక్కడితో అయిపోతుంది. నోట్లో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

సూది ఎక్కడ ఆగుతుంది

బ్లాక్ ఇచ్చేటప్పుడు నరం కంటికి కనిపించదు. గుర్తులే ఆధారం. రోగి నోరు బాగా తెరవాలి. బొటనవేలిని కింది దవడ వెనక నిలువు భాగపు ముందు అంచు మీద పెట్టి లోపలికి జరిపితే ఒక నొక్కు తగులుతుంది. ఆ నొక్కు ఎత్తు, బుగ్గ లోపల పై నుంచి కిందికి దిగే నిలువు మడత, ఈ రెండే దిక్సూచి. సిరంజి అవతలి పక్క చిన్న దవడపళ్ల మీదుగా వస్తుంది. కింది పళ్ల నమిలే తలానికి 6 నుంచి 10 మి.మీ. పైన సూది గుచ్చి, 20 నుంచి 25 మి.మీ. లోపలికి పోనిస్తే ఎముక తగలాలి. తగిలాక ఒక మి.మీ. వెనక్కి లాగి, పిస్టన్‌ను కాస్త వెనక్కి తీసి రక్తం వస్తుందేమో చూసి, సుమారు 1.5 మి.లీ. మందును నిమిషం పాటు నెమ్మదిగా వదలాలి.

ఈ కొలతల్లో ప్రతి తప్పుకూ ఒక గుర్తు ఉంటుంది. సూది సగం కూడా వెళ్లకుండానే ఎముక తగిలితే మొన బాగా ముందుంది. ఎంత వెళ్లినా ఎముక తగలకపోతే మొన వెనక్కి, చెవి కింది లాలాజల గ్రంథి వైపు పోయింది. అక్కడ మందు వదిలితే ముఖ కండరాల నరం మొద్దుబారి ఆ పక్క కన్ను కొన్ని గంటలు మూతపడదు. రక్తం చూడకుండా వదిలితే, నూటికి 10 నుంచి 15 సార్లు మొన రక్తనాళంలో ఉండే చోటు కాబట్టి, మందుతో కలిసిన అడ్రినలిన్ వల్ల గుండె దడదడలాడుతుంది. ‘నాకు ఆ ఇంజెక్షన్ పడదు’ అని ఏళ్ల తరబడి చెప్పుకునేవారిలో చాలామందికి జరిగింది అలెర్జీ కాదు, ఇదే.

పిల్లల్లో దవడ రంధ్రం నమిలే తలానికి సమంగానో, ఇంకా కిందో ఉంటుంది. పెద్దవారి ఎత్తులో గుచ్చితే మందు పైనే ఉండిపోతుంది. వయసుతో పాటు రంధ్రం పైకి జరిగినట్టు కనిపిస్తుంది.

దారి మారే చోట్లు

గురి సరిగా కుదిరి, పెదవి, సగం నాలుక చక్కగా మొద్దుబారాక కూడా పన్ను నొప్పి పుడితే మొదట అనుమానించాల్సింది మైలోహయాయిడ్ నరాన్ని. కండరాల నరమని పేరున్నా, కొందరిలో ఇది దవడ లోపలి వైపు చిన్న రంధ్రాల గుండా దూరి మొదటి దవడపంటికో, ముందు పళ్లకో నొప్పి తీగలు ఇస్తుంది. ఇది కింది దంతనరం నుంచి విడిపోయే చోటు దవడ రంధ్రానికి సగటున 13-15 మి.మీ. పైన ఉంటుంది. మామూలు బ్లాక్‌లో మందు రంధ్రం దగ్గర పడుతుంది కనుక, అంతకుముందే విడిపోయిన తీగను అది తాకకపోవచ్చు. దీనికి విరుగుడు తేలిక: ఆ పంటి నాలుక వైపు, వేరు కొన దగ్గర 0.6 మి.లీ. మందు వేస్తే చాలు. అదే బ్లాక్‌ను మళ్లీ అదే చోట ఇవ్వడం వల్ల ఉపయోగం ఉండదు.

రెండోది, చీలిన దవడ కాలువ. ఎముకలో కాలువ ఒకటే ఉంటుందని ఎక్స్‌రే చూసేవారు అనుకుంటారు. కొందరిలో అది రెండుగా చీలుతుంది. అరుదుగా మూడు పాయలూ ఉంటాయి. దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రేల మీద చేసిన లెక్కల్లో ఇలాంటివారు నూటికి ఒకరికన్నా తక్కువ. అదే సీబీసీటీ అనే త్రిమితీయ స్కాన్‌తో చూసినప్పుడు నూటికి 15 నుంచి, కొన్ని లెక్కల్లో 60కి పైగా కూడా తేలారు. మనుషులు మారలేదు, చూసే పరికరం మారింది. ఓపీజీలో ముందూ వెనకా ఉన్న నీడలన్నీ ఒకే తలం మీద పడతాయి, సన్నని పాయలు వాటిలో కలిసిపోతాయి. పైగా ఓపీజీలో కొలతలు అసలు కంటే 20-30 శాతం పెద్దవిగా కనిపిస్తాయి. అందుకే దాని మీద స్కేలుతో కొలిచి ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) పొడవు తేల్చడం ప్రమాదం. కాలువ కప్పుకూ ఇంప్లాంట్ మొనకూ మధ్య కనీసం 2 మి.మీ. ఖాళీ ఉండాలన్నది సర్వసాధారణ నియమం.

చీలిన పాయల్లో ఒక రకం జ్ఞానదంతం వెనక చిన్న రంధ్రం గుండా పైకి వస్తుంది. జ్ఞానదంతం ఆపరేషన్‌లో కోత మొదలయ్యేది సరిగ్గా ఆ పరిసరాల్లోనే. తీగ తెగితే అనుకోని రక్తస్రావం, ఆ తర్వాత బుగ్గ లోపల కొంత మేర మొద్దు.

ముందు పళ్ల సంగతి వేరు. ఎడమ, కుడి నరాల కొసలు గడ్డం మధ్యగీత దాటి ఒకదానిలోకి ఒకటి అల్లుకుంటాయి. ఒక పక్కే బ్లాక్ ఇచ్చి నడిమి ముందుపన్ను ముట్టుకుంటే రెండో పక్క నరం నొప్పిని మోసుకెళ్తుంది.

గడ్డం రంధ్రం కూడా ఒకే చోట ఉండదు. తెల్లజాతుల్లో ఇది ఎక్కువగా రెండు చిన్న దవడపళ్ల మధ్య ఉంటే, భారతీయ పుర్రెల్లో రెండో చిన్న దవడపంటి సూటిన ఉండడం ఎక్కువ. విదేశీ పుస్తకం బొమ్మ చూసి సూది ముందుకు గుచ్చితే కొన్ని మి.మీ. తేడాతో గురి తప్పుతుంది. కొందరికి పక్కనే రెండో చిన్న రంధ్రం ఉంటుంది. ఇంకొందరిలో నరం రంధ్రం దాటి ముందుకు వెళ్లి, కొక్కెంలా వెనక్కి తిరిగి బయటికి వస్తుంది. ఆ కొక్కెం లెక్కలోకి తీసుకోకుండా రంధ్రానికి ముందు ఇంప్లాంట్ దింపితే పెదవి మొద్దుబారుతుంది.

పుర్రె అడుగున కొన్ని స్నాయువులు కొందరిలో ఎముకగా గట్టిపడి వంతెనలా తయారవుతాయి. నాలుక నరం ఆ వంతెన కింద నలిగే అవకాశం ఉంది. ట్రైజెమినల్ నొప్పికి ఓవేల్ రంధ్రం గుండా సూది పంపే చికిత్సలో అదే వంతెన అడ్డు నిలుస్తుంది.

నరం దారి బాగున్నా మత్తు ఎక్కని సందర్భాలు

ప్రతి వైఫల్యాన్నీ నరం తేడా మీదికి నెట్టడం కూడా తప్పే. పంటి లోపలి గుజ్జు బాగా వాచి, రాత్రుళ్లు సలుపుతూ, వేడి తాకితే పెరిగే నొప్పి ఉన్నప్పుడు బ్లాక్ సగానికి సగం సార్లు విఫలమైనట్టు నివేదికలున్నాయి. మంట వల్ల కణజాలం ఆమ్లంగా మారడం ఒక కారణం, నరం పొరలోని సోడియం ద్వారాల్లో మందుకు లొంగని రకం పెరగడం ఇంకో కారణం. ఇలాంటి పంటికి కొన్ని రోజులు మంట తగ్గించే మందులిచ్చి తర్వాత పని చేయడమో, పంటి చుట్టూ స్నాయువులో, గుజ్జులో నేరుగా మందు వేయడమో ఉంటుంది.

దక్షిణ ఒడిశాలో మరో కారణాన్ని గట్టిగానే చెప్పాలి. గుట్కా, వక్కపొడి, ఖైనీ, చిగుళ్లకు రుద్దే గుడాఖు వాడకం ఇక్కడ చాలా ఎక్కువ. వక్క వల్ల నోటి లోపలి పొర గట్టిపడి, దవడ రెండు వేళ్లు కూడా తెరుచుకోనివారికి మామూలు బ్లాక్ ఇవ్వడమే కుదరదు. బొటనవేలికి నొక్కు తగలదు, సిరంజి తిరగదు. వీరి కోసమే మూసిన నోటి పద్ధతి ఉంది. వజిరాని 1960లో, అకినోసి 1977లో వివరించిన పద్ధతి ఇది: పై దవడపళ్ల చిగురు అంచు ఎత్తులో, నమిలే తలానికి సమాంతరంగా సూదిని సుమారు 25 మి.మీ. పోనిస్తారు. ఎముక తగలాల్సిన పని లేదు. 1973లో ఆస్ట్రేలియా దంతవైద్యుడు గౌ-గేట్స్ చెప్పిన పద్ధతి దీనికి ఎదురు దిక్కు: నోరు పూర్తిగా తెరిపించి, దవడ కీలు ఎముకలో మెడలా సన్నబడే చోట మందు వదలడం. అక్కడ నరం ఇంకా కొమ్మలుగా చీలి ఉండదు కనుక మైలోహయాయిడ్ తీగ కూడా చిక్కుతుంది. కాకపోతే పట్టు రావడానికి 5 నుంచి 10 నిమిషాలు ఆగాలి. ఓపిక లేక మధ్యలోనే పని మొదలుపెట్టడం వల్లే ఈ పద్ధతికి చెడ్డపేరు వచ్చింది.

ఎన్నిసార్లు మళ్లీ గుచ్చవచ్చన్నదానికీ లెక్క ఉంది. 2 శాతం లిగ్నోకెయిన్ 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో 36 మి.గ్రా. మందు ఉంటుంది. అడ్రినలిన్‌తో కలిపి ఇచ్చేటప్పుడు కిలో బరువుకు 7 మి.గ్రా. మించకూడదు, పెద్దవారికి మొత్తం 500 మి.గ్రా. హద్దు. బక్కపలుచని పిల్లవాడికి ఆ హద్దు త్వరగా వచ్చేస్తుంది.

ఏ మాట ఏ నరాన్ని చూపిస్తుంది

ఇంజెక్షన్ ఇచ్చిన 5 నిమిషాలకు పెదవి అస్సలు మొద్దుబారకపోతే మందు నరం దగ్గర పడలేదు. ఇంకాస్త ఎత్తులో మళ్లీ ఇవ్వాలి. నాలుక మొద్దుబారి పెదవి మొద్దుబారకపోతే మందు ముందుకు, లోపలికి పడింది. రెండూ మొద్దుబారి, బుగ్గ వైపు చిగురు పట్టుకుంటేనే నొప్పి పుడితే బుగ్గ నరానికి వేరే సూది వేయలేదని అర్థం. రెండూ మొద్దుబారి, పన్నే జివ్వుమంటే అప్పుడు మైలోహయాయిడ్ తీగ, చీలిన కాలువ, గుజ్జు మంట, ఈ మూడింటిలో ఒకటి.

తెలుగులో నొప్పికి మాటలు చాలా ఉన్నాయి. పోటు, సలుపు, జివ్వుమనడం, లాగడం, మంట ఒక్కోటి ఒక్కో స్థితి. చిక్కు ‘తిమ్మిరి’ దగ్గర వస్తుంది. స్పర్శ పూర్తిగా పోవడాన్నీ తిమ్మిరే అంటారు, చీమలు పాకినట్టుండడాన్నీ తిమ్మిరే అంటారు. వైద్యంలో మొదటిది నరం ఏమీ మోయడం లేదన్న సూచన, రెండోది తప్పుడు సంకేతాలైనా మోస్తోందన్న సూచన. ఒడియాలో మొదటిదానికి అబశ, రెండోదానికి ఝిమ్‌ఝిమ్ అని విడిగా చెప్పవచ్చు. ఆ రెండు మాటలు తెలిసి ఉంటే బరంపురంలోనో కటక్‌లోనో డాక్టరుగారి ముందు సగం పని అయినట్టే.

అలాగే ‘తెలుస్తోంది’ అన్న మాట. మత్తు బాగా పట్టాక కూడా లాగడం, నొక్కడం తెలుస్తాయి. నొప్పిని మోసే సన్నని తీగలు ముందు మూసుకుంటాయి; ఒత్తిడిని మోసే లావు తీగలు పనిచేస్తూనే ఉంటాయి. ‘లాగుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు’ అని విడదీసి చెబితే అనవసరమైన ఇంకో సూది తప్పుతుంది. నిజంగా నొప్పి ఉంటే చెయ్యెత్తి ఆపించడం రోగి హక్కు. మొహమాటానికి ఓర్చుకోవడం వల్ల డాక్టరుకు అసలు సమాచారమే అందదు.

జ్ఞానదంతం పక్కన నాలుక నరం

నాలుక నరం జ్ఞానదంతం లోపలివైపు ఎముకకు ఎంత దగ్గరగా వెళ్తుందన్నది మృతదేహాల్లో, ఎంఆర్‌ఐలో కొలిచి చూశారు. ఫలితాల్లో తేడాలున్నా ఒక విషయం పదేపదే తేలింది: సుమారు నూటికి 10 నుంచి 18 మందిలో అది ఎముక అంచుకు సమంగా, లేదా అంతకంటే పైన ఉంటుంది. నూటికి పాతిక నుంచి అరవై మందిలో ఎముక పలకను నేరుగా ఆనుకునే ఉంటుంది. ఇది మెత్తని కణజాలం, కనుక ఓపీజీలోనూ సీబీసీటీలోనూ కనిపించదు. కాబట్టి నైపుణ్యమంతా కోతలో ఉండాలి. జ్ఞానదంతం వెనక కోతను నాలుక వైపు కాక బుగ్గ వైపు వంపుగా తిప్పడం, లోపలి పలకను బర్‌తో (ఎముక కోసే మొన) దాటిపోకపోవడం, కుట్టు వేసేటప్పుడు లోపలి చిగురును లోతుగా పట్టకపోవడం వల్ల ప్రమాదం బాగా తగ్గుతుంది.

కింది దంతనరం విషయంలో ఎక్స్‌రే కొంత చెబుతుంది. కాలువ దాటే చోట పంటి వేరు నల్లగా కనిపించడం, కాలువ తెల్లని అంచుగీత తెగిపోవడం, కాలువ వంగి పక్కకు జరగడం, ఈ మూడూ నరం వేరును ఆనుకుని ఉందన్న బలమైన గుర్తులు. వీటిలో ఒకటి ఉన్నా సీబీసీటీ తీయించడం అర్థవంతం. ఏ గుర్తూ లేని మామూలు పంటికి స్కాన్ రాయడం డబ్బు, రేడియేషన్ రెండూ వృథా. నరం పంటి వేళ్ల మధ్య చిక్కుకుని ఉందని తేలితే పంటి పైభాగం మాత్రం కోసి తీసి, వేళ్లను ఎముకలోనే వదిలేసే కొరొనెక్టమీ ఒక దారి. పుచ్చు వేళ్ల దాకా పోయినా, వేళ్లు అప్పటికే కదులుతున్నా అది పనికిరాదు.

పన్ను తీయకుండా కేవలం ఇంజెక్షన్ వల్ల కూడా అరుదుగా నాలుక మొద్దుబారుతుంది. నోరు పూర్తిగా తెరిచినప్పుడు నాలుక నరం తీగలా బిగుసుకుంటుంది, సూదికి ఒదిగి పక్కకు జరగలేదు. పైగా కొందరిలో ఆ చోట దాని లోపలి తీగలన్నీ ఒకే కట్టగా ఉంటాయి. దెబ్బ తగిలితే పంచుకోవడానికి వేరే కట్ట ఉండదు. గుచ్చినప్పుడు నాలుకలోకి కరెంటు షాక్ కొట్టినట్టయితే వెంటనే చెప్పాలి. సూదిని కాస్త వెనక్కి తీశాకే మందు వదలాలి.

మరుసటి రోజుకూ తిమ్మిరి వదలకపోతే

అడ్రినలిన్ కలిసిన లిగ్నోకెయిన్‌కు పంటి లోపల గంట సేపు, పెదవి, నాలుకల్లో 3 నుంచి 5 గంటలు పట్టు ఉంటుంది. ఆ గంటల్లో వేడి టీ తాగకూడదు, పిల్లలు పెదవి కొరుక్కోకుండా కనిపెట్టుకోవాలి. మరుసటి ఉదయానికీ మొద్దు అలాగే ఉంటే ఫోను చేయాల్సింది ఆ రోజే. వారం తర్వాత కాదు.

ఇంట్లో చేయదగ్గ పని ఒకటుంది. శుభ్రమైన దూదిని సన్నగా మెలితిప్పి, కళ్లు మూసుకున్నవారి పెదవి, గడ్డం మీద బాగున్న చోటి నుంచి మొద్దుబారిన చోటికి మెల్లగా జరపాలి. స్పర్శ ఆగిన చోట పెన్నుతో చుక్క పెట్టాలి. చుక్కలన్నీ కలిపితే హద్దు వస్తుంది. దాన్ని ఫోనుతో ఫొటో తీసి తేదీ రాసుకోవాలి. రెండు వారాలకోసారి ఇలా చేస్తే హద్దు కుంచించుకుంటోందా, కదలకుండా ఉందా అన్నది ఎవరి భాషలోనైనా చూపించవచ్చు. నాలుక మీద అయితే మొద్దుబారిన సగానికి కాస్త ఉప్పు, పంచదార విడివిడిగా తాకించి, నాలుక లోపలికి తీసుకోకుండానే రుచి చెప్పమనాలి. స్పర్శ, రుచి రెండూ పోతే నాలుక నరం. స్పర్శ బాగుండి రుచి మాత్రమే పోతే దెబ్బ కార్డా తీగ మీద, చెవి వైపు ఉండవచ్చు. నాలుక చాపితే ఒక పక్కకు వంగితే అది వేరే నరం, పన్నెండోది. వంగిన పక్కే దెబ్బతిన్న పక్క.

నరాల దెబ్బలకు బ్రిటిష్ శస్త్రవైద్యుడు సెడన్ 1943లో చేసిన వర్గీకరణే ఇప్పటికీ వాడుకలో ఉంది. నరం కేవలం నలిగితే వారాల నుంచి రెండు మూడు నెలల్లో కోలుకుంటుంది. లోపలి తీగలు తెగి పైతొడుగు మిగిలితే రోజుకు సుమారు ఒక మి.మీ. చొప్పున మళ్లీ పెరుగుతాయి. మొత్తం తెగితే తనంతట తాను కలవడం కష్టం. ఇక్కడే రెండు నరాల భవిష్యత్తు విడిపోతుంది. కింది దంతనరం ఎముక కాలువలో ఉంటుంది. తెగినా కొసలు ఎదురెదురుగా ఉంటాయి, కాలువే వాటికి దారి చూపుతుంది. నాలుక నరానికి ఆ గోడలు లేవు. తెగితే కొసలు ఎడంగా ముడుచుకుపోయి, మధ్యలో మచ్చ కణజాలం పేరుకుంటుంది. కాబట్టి నాలుక మొద్దు విషయంలో ‘ఏడాది ఆగి చూద్దాం’ అనే సలహా చేటు చేస్తుంది. మూడు నెలలకూ స్పర్శ ఏమాత్రం తిరిగి రాకపోతే నరాన్ని కుట్టగల ముఖ-దవడ శస్త్రవైద్యుడి దగ్గరికి పంపాలి. మరమ్మతుకు తొలి ఆరు నెలలు మేలైన కాలం. రాయగడ, జయపురం ఘాట్లు దిగి విశాఖకో, పైకి కటక్‌కో వెళ్లాల్సినవారికి ఆ మూడు నెలలు ప్రయాణం ఏర్పాట్లలోనే కరిగిపోతాయి. మొదటి ఎక్స్‌రే, ఆపరేషన్ కాగితం, పెన్ను చుక్కల ఫొటోలు దగ్గరుంచుకుంటే అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది.

పళ్లు లేని దవడ, కారణం లేని మొద్దు

పళ్లన్నీ ఊడిన ముసలివారిలో దవడ ఎముక పై నుంచి అరిగిపోతుంది. ఒకప్పుడు పక్కన ఉన్న గడ్డం రంధ్రం క్రమంగా ఎముక పై అంచుకు వచ్చేస్తుంది. కట్టుడు పళ్లు సరిగ్గా దాని మీదే నొక్కితే నమిలినప్పుడల్లా పెదవిలో మంట, పోటు పుడతాయి. దంతాల సెట్‌ను ఆ చోట కాస్త అరగదీసి ఖాళీ ఇస్తే నొప్పి పోతుంది. చాలామంది దీన్ని వయసు నొప్పిగా సర్దుకుని సెట్‌ను డబ్బాలో పెట్టేసి, గంజితో కాలం గడుపుతారు.

పన్ను తీయలేదు, ఇంజెక్షన్ లేదు, సెట్ లేదు, అయినా గడ్డంలో సగం మొద్దుబారితే దాన్ని నరం దారి తేడాగా కొట్టిపారేయకూడదు. దవడలో పెరిగే గడ్డ, వేరే చోటి నుంచి పాకిన కేన్సర్ కింది దంతనరాన్ని ఒత్తినప్పుడు మొదట కనిపించే గుర్తు ఒక్కోసారి ఇదే. పొగాకు ముద్దను ఏళ్ల తరబడి కింది చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకునేవారిలో ఇది మరీ ముఖ్యం. ఇలాంటప్పుడు బి-కాంప్లెక్స్ మాత్రలతో నెలలు గడపడం కాదు, ఓపీజీ తీయించి, నోరంతా టార్చి వేసి చూపించుకోవడం ఆ వారంలోనే జరగాలి.